పాత గూటి పడవలో కాపురం: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో చెక్క పడవలు బాగుచేయడమే నా పని. ఎక్కువగా వచ్చేవి చేపల పడవలు. ఈమధ్య మాత్రం కొత్త రకం మనుషులు వస్తున్నారు. "మీద గదిలా గూడున్న పాత పడవ ఒకటి దొరికిందండీ, బాగుచేయించుకుని అందులోనే ఉందామనుకుంటున్నాం" అంటారు. వినగానే నాకు సంతోషం వేస్తుంది. కాకినాడ నుంచి ఏలూరు కాలువ మీదుగా మన ఊరొచ్చి, ఇక్కణ్నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా నీళ్ల మీదే పోయిన రోజులున్నాయి. పడవ నడిపే సరంగులు పడవలోనే వండుకుని పడవలోనే పడుకునేవారు. ఆ కాపురం మళ్లీ ఎవరైనా పెడతానంటే నేను వద్దనను.

కానీ వచ్చినవాళ్లు కొన్ని నమ్మకాలు పట్టుకుని వస్తారు. వాటివల్ల పడవా పోతుంది, డబ్బూ పోతుంది. వాటిలో ఒకటి రెండైతే ప్రాణాల మీదికే తెస్తాయి.

అపోహ: నీళ్లలో నానే చెక్కే పుచ్చుతుంది, కాబట్టి పడవ అడుగు చూసుకుంటే చాలు.

వాస్తవం: చెక్కను తినేది నీరు కాదు, బూజు లాంటి శిలీంధ్రం. దానికి తేమా కావాలి, గాలీ కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది పెరగదు. పూర్తిగా మునిగిన చెక్కకు గాలి అందదు కనక అక్కడా పెరగదు. పాత రేవుల్లో పాతిన గుంజలు ఎప్పుడైనా పీకి చూడండి. నీటి కింద భాగం గట్టిగా ఉంటుంది, నీటి అంచు దగ్గర మాత్రం సన్నబడి మెత్తబడి ఉంటుంది.

పాత పడవను చంపేది పైనుంచి పడే వాననీరు. గూటి మీద పడి, సందుల్లోంచి దిగి, గాలి ఆడని మూలల్లో నిలిచిపోతుంది. అందుకే నేను పడవ చూడ్డానికి వెళ్తే ముందు అడుగుకి పోను. గూటి గోడ పడవ అంచుతో కలిసే చోట, వెనక చుక్కాని దగ్గర, ముందు కొన లోపల చూస్తాను. సుత్తి పిడితో తట్టుకుంటూ పోతాను. మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది బొద్దుమంటుంది. అనుమానం వచ్చిన చోట సన్న స్క్రూడ్రైవర్ గుచ్చుతాను. భవానీపురం వైపు ఒక పడవకు అప్పుడే నీలం రంగు వేయించారు, చూస్తే కొత్త పెళ్లికూతురిలా ఉంది. మంచం కింద అంచు దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టగానే పిడి దాకా దిగిపోయింది. బయటికి తీస్తే కొసకు అంటుకున్నది తడిసిన కాఫీ పొడి లాంటి పొట్టు. ఆ రంగు కింద నాలుగు మూరల బల్ల పేరుకే బల్ల.

అన్నట్టు, చెక్కను తొలిచేసే సముద్రపు పురుగు గురించి చాలామంది భయపడతారు. అది ఉప్పునీటి జీవి. మచిలీపట్నం, నిజాంపట్నం పాయల్లో ఉండే పడవలకు ఆ బెడద ఉంది. మన ప్రకాశం బ్యారేజీ ఎగువన మంచినీళ్లలో లేదు. ఆ పాయల నుంచి కొని తెస్తున్న పడవైతే మాత్రం తొలిచిన కన్నాలు వెతకాల్సిందే.

అపోహ: ఒడ్డుకు లాగి, బాగా ఎండబెట్టి, సందులన్నీ గట్టిగా పూడ్చి దింపాలి.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను. పనిలోకి దిగిన కొత్తల్లో, మే నెలాఖరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మరి బల్లలు ఊరుకుంటాయా? బల్లకీ బల్లకీ మధ్య గోరు దూరేంత సందు. ఒక్కటీ వదలకుండా, ఆరితే రాయిలా బిగిసే ఎపాక్సీ పుట్టీ కూరాను, గీసి నున్నగా చేశాను. వానలు మొదలయ్యాక దింపాం. మూడో రోజు రాత్రి లోపల టప్ టప్‌మని చప్పుళ్లు. చెక్క నీరు తాగి ఉబ్బింది, ఉబ్బడానికి చోటు లేదు. బల్లల్ని లోపలినుంచి పట్టి ఉంచే వంపు కర్రల్లోంచి మేకులు పైకి లేచాయి, రెండు వంపు కర్రలు అడ్డంగా విరిగాయి. ఆ పనంతా నా ఖర్చుతో మళ్లీ చేసిచ్చాను. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

చెక్క పొడవునా దాదాపు సాగదు, అడ్డంగా మాత్రం బాగా ఉబ్బుతుంది. అందుకని సందులో పెట్టేది మెత్తగా ఉండాలి. నూలు వత్తిని మొద్దు ఉలితో, పిడికిలి బిగించి కాకుండా మణికట్టుతో తడుతూ ఎక్కించాలి. పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన మందు పట్టించాలి. ఎండిన పడవను దింపే ముందు తడి గోనె సంచులు కప్పి వారం పది రోజులు పొద్దునా సాయంత్రం తడపండి. దింపాక మొదటి రెండు మూడు రోజులు కారుతుంది, కంగారు పడొద్దు. మోటారు పెట్టి తోడుతూ ఉంటే బల్లలు బిగుసుకుంటాయి. వారం దాటినా అదే ధార అయితే అప్పుడు టెన్షన్ పడాలి. అది సందు కాదు, విరిగిన బల్లో వదులైన మేకో అయ్యుంటుంది.

అపోహ: పైన ఫైబర్‌గ్లాస్ తొడిగిస్తే ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. బాగుచేయగలిగిన పడవలు దీనివల్లే పొయ్యిలోకి పోతున్నాయి. బల్లల పడవ కదులుతూ ఉంటుంది, ఫైబర్ కదలదు. కొన్నాళ్లకు ఎక్కడో సన్నగా చీలుతుంది, నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు. తేమ, కాస్త గాలి, చీకటి: పుచ్చుకు ఇంతకంటే మంచి ఇల్లు కట్టివ్వలేం. పైకి తళతళలాడుతూనే లోపల గుల్లవుతుంది. చెక్క పూర్తిగా ఆరి, గట్టిగా ఉన్నప్పుడు చిన్న పడవకు ఎపాక్సీతో చేస్తే కొంత మేలు. పుచ్చును కప్పడానికైతే వద్దే వద్దు. పుచ్చిన చోటుకు అవతల మంచి చెక్క వచ్చేదాకా కోసి, కొత్త ముక్క ఏటవాలుగా అతకాలి. వేరే దారి లేదు.

గూటి లోపల ప్లైవుడ్ కొట్టించి పడవ పక్కల్ని మూసేయడం కూడా ఇలాంటి తప్పే. ఇల్లులా కనిపించాలని చేస్తారు. లోపలి బల్ల మీ చేతికి అందాలి, కంటికి కనపడాలి, గాలి ఆడాలి. మూత పెట్టకుండా ఉండలేమంటే స్క్రూలు విప్పి తీసేలా పెట్టించండి.

అపోహ: టేకు పడవైతే కళ్లు మూసుకుని కొనొచ్చు.

వాస్తవం: టేకులో మన్నేది చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క. చుట్టూ ఉండే తెల్లచెక్క మామూలు చెక్క కిందే లెక్క. పైగా బల్ల బాగున్నా మేకు తుప్పు పడుతుంది. ఇనుప మేకు చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడితే అది ఇక పట్టుకోదు. ఏ పడవలోనైనా నాలుగైదు చోట్ల మేకులు పీకి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే బేరం మానుకోండి. ధర చూసి మోసపోకండి. పాత పడవకు కొన్న డబ్బు కంటే బాగుచేసే డబ్బే ఎక్కువవుతుంది.

అపోహ: ఇంట్లో గ్యాస్ స్టవ్వే పడవలోనూ పెట్టుకోవచ్చు, కిటికీలు తెరిచే ఉంటాయి కదా.

వాస్తవం: దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. వంటగ్యాస్ గాలి కంటే బరువు. ఇంట్లో లీకైతే గుమ్మం కింద నుంచి కొంతైనా బయటికి పోతుంది. పడవ అడుగు గిన్నె లాంటిది, అక్కడే నిలుస్తుంది. కిటికీలు పైన ఉంటాయి, వాటికి అది అందదు. నీరు తోడే మోటారు స్విచ్ వేసినప్పుడు వచ్చే నిప్పురవ్వ చాలు. సిలిండర్ గూటి బయట, అడుగున కన్నం ఉన్న పెట్టెలో పెట్టాలి. ఆ కన్నం నేరుగా నీళ్ల మీదికి తెరుచుకోవాలి. వంటయ్యాక స్టవ్ దగ్గర కాదు, సిలిండర్ దగ్గరే కట్టేయాలి.

మరుగుదొడ్డి సంగతి ఒక్క మాటలో: నదిలోకి వద్దు. ఊరు తాగేది ఆ నీళ్లే. ట్యాంకు పెట్టించి ఒడ్డున ఖాళీ చేయించండి.

అపోహ: కాలువలోనో బ్యారేజీ పైనో తాడు కట్టుకుంటే ఎన్నాళ్లైనా ఉండొచ్చు.

వాస్తవం: వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేస్తారు. అప్పుడు పడవ బురదలో ఒరిగి కూర్చుంటుంది, ఒక పక్క ఎండకు సందులు విచ్చుకుంటాయి. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు నిలకడగా ఉంటాయి, నిజమే. 1957 నుంచి ఆ చెరువు మనకుంది. కానీ అది చెరువు కాదు, కృష్ణ. 2024 సెప్టెంబరు వరదలో 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఎగువన కట్టిన పెద్ద పడవలే కొట్టుకొచ్చి గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెల్ని (కౌంటర్ వెయిట్లను) పగలగొట్టాయి. చెక్క పడవ ఆ దెబ్బకు పుల్లల కట్టే.

ఇంజను ఉన్న పడవకు 2021 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి. కట్టుకునే చోటుకు అనుమతి వేరే తీసుకోవాలి. ఇవి రెండూ కొనకముందే కనుక్కోండి.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పడవలో రాత్రి పడుకోవద్దని నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాను. ఎగువన ఉన్న పులిచింతల ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారన్న వార్త వినగానే సామాను ఒడ్డుకు చేర్చి, వీలైతే పడవను కూడా గట్టెక్కించాలి. వీల్లేకపోతే తాళ్లు మార్చాలి. ఘాట్ రెయిలింగుకు కట్టొద్దు, అది ఊడి వచ్చేస్తుంది. ఒడ్డున లోతుగా పాతిన గుంజకో, వేళ్లు దిగిన చెట్టుకో రెండు తాళ్లు ఎగువ వైపు, ఒకటి దిగువ వైపు కట్టాలి. నీరు పెరుగుతుంటే వదులు చేస్తూ ఉండాలి. బిగించి వదిలేస్తే పడవ పైకి లేవలేక ఒక పక్కకు వంగి నీరు తాగేస్తుంది. తాడు పడవ అంచుకు రాసుకునే చోట పాత సైకిల్ ట్యూబు చుట్టండి.