మునిగిన గింజ మొలుస్తుందా? అపోహలు - వాస్తవాలు

జూన్ వచ్చిందంటే మా విత్తన పరీక్ష ల్యాబు గుమ్మంలో ఇదే మాట. "సార్, కోడిగుడ్డు తేలేంత ఉప్పు కలిపిన, తేలిన వడ్లన్నీ తీసేసిన. మునిగినవే మండె కట్టిన. అయినా మొలక రాలే."

ఉప్పునీళ్లు చెప్పేది గింజలో అంకురచ్ఛదం, అంటే మొలకకు తిండిగా ఉండే పిండి భాగం, నిండిందా లేదా అన్నదే. మొలకయ్యే భాగం, అంటే పిండం, బతికుందో లేదో వాటికేం తెలుసు? గుప్పెడు బియ్యం అవే నీళ్లలో వేయండి, అన్నీ మునుగుతాయి. మొలుస్తాయా? ఒక బియ్యపు గింజను దగ్గరగా చూస్తే ఓ కొసన చిన్న నొక్కు కనిపిస్తుంది. పిండం ఉన్న చోటది. మిల్లులో తవుడుతో పాటే పోయింది. మిగిలిందంతా అంకురచ్ఛదమే, మనం తినే అన్నం.

వడ్లు నానగానే పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ పంపుతుంది. అంకురచ్ఛదం చుట్టూ ఉండే అల్యూరోన్ పొర దాన్ని అందుకుని, పిండిని కరిగించే అమైలేజ్ ఎంజైమ్ వదులుతుంది. పిండి చక్కెరగా మారి మొలకకు అందుతుంది. పిండం చచ్చిందంటే, గాదె నిండా వడ్లున్నా పొయ్యి వెలిగించే మనిషి లేని ఇల్లే.

నిరుడు ఒకాయన వచ్చాడు. వడ్లు సరిగా ఆరకముందే బస్తాలకెత్తి టార్పాలిన్ కప్పాడట, లోపల వేడెక్కింది. రెండెకరాలకని 50 కిలోలు అప్పటికే నానబోశాడు. మిగిలిన గింజలను నిలువునా కోసి, ప్రాణమున్న భాగాన్ని ఎర్రగా మార్చే టెట్రాజోలియం ద్రావణంలో పెట్టాం. బతికున్న పిండం ఎర్రబడాలి, చాలావాటిలో పాలిపోయే ఉంది. "ఇంత బరువుంది కదా సార్" అంటూ గింజను వేళ్ల మధ్య నలుపుతూనే ఉన్నాడు. ఆయన్నేమనగలం? మా నాయన కూడా గింజ కొరికి, టప్పుమంటే విత్తనానికి పక్కన పెట్టేవాడు. అది ఆరిందని చెప్పే చప్పుడు, అంతే.

నానబోసే ముందు, కనీసం పది రోజుల ముందే, 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టండి. తడి ఆరనివ్వకుండా వారం ఉంచి మొలకలు లెక్కపెట్టండి. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలి. ఖర్చు సున్నా.

మిగతావి గబగబా. కొబ్బరి నీళ్లలో నానబెడితే బలమని వాట్సాప్‌లో తిరుగుతోంది. కొబ్బరి నీళ్లూ అంకురచ్ఛదమే, నిజమే, కానీ అది కొబ్బరి మొలకకు. వరి గింజ చద్దిమూట వరి గింజకుంది. మూడో ఆకు వచ్చేదాకా మొలకకు ప్రధానంగా అదే తిండి, యూరియాకు తొందరేం లేదు. వేరుశనగ బద్దలు అంకురచ్ఛదం కాదు, బీజదళాలు, అంటే పిండంలోని తొలి ఆకులే. కోసిన కొత్తలో వడ్లు మొలవకపోతే అది నిద్రావస్థ కావచ్చు. టెన్షన్ పడి పారబోయకండి, కొన్ని వారాలాగి మళ్లీ గోనెలో చుట్టి చూడండి.