తల్లి రక్తంలో కనిపించే బిడ్డ కాలేయం పని

విజయవాడ సూర్యారావుపేటలో ఏ వీధికి వెళ్లినా ఆసుపత్రులు, వాటి పక్కనే ల్యాబులు. నాలుగో నెల దాటిన గర్భిణులకు అక్కడ క్వాడ్రుపుల్ మార్కర్ అనే రక్తపరీక్ష రాస్తుంటారు. ఆ రిపోర్టులోని నాలుగు అంకెల్లో ఒకటి ఎస్ట్రియాల్ అనే హార్మోన్‌ది. రక్తం తల్లిదే అయినా, ఆ అంకె వెనక ఉన్న కష్టం చాలావరకు కడుపులోని బిడ్డదే!

బిడ్డ అడ్రినల్ గ్రంథులు డీహెచ్ఈఏ సల్ఫేట్ అనే స్టెరాయిడ్‌ను పెద్దమొత్తంలో తయారుచేస్తాయి. అది బిడ్డ కాలేయానికి చేరితే అక్కడి సిప్3ఏ7 అనే ఎంజైము దాని 16వ కార్బన్‌కు (స్టెరాయిడ్‌లోని కార్బన్‌లకు వరుస నంబర్లుంటాయి) ఒక ఆక్సిజన్‌ను తగిలిస్తుంది. ఆ తర్వాత మావి దాని సల్ఫేట్‌ను ఊడదీసి, ఎస్ట్రియాల్‌గా మార్చి తల్లి రక్తంలోకి వదులుతుంది. మావి ఒక్కటే ఈ పనంతా మొదటి నుంచి చేసుకోగలిగేది కాదు.

పెద్దవాళ్ల కాలేయంలో ముఖ్యమైనది సిప్3ఏ4. ఈ రెండు ఎంజైములదీ ఒకే ఇంటిపేరు. ఒక్కోదానిలో 503 అమైనో ఆమ్లాలు, అందులో దాదాపు 88 శాతం ఒకటే. రెండింటి లోపలా మధ్యలో ఉన్నది ఇనుమే, రెండూ చేసేది ఆక్సిజన్‌ను తగిలించడమే. కానీ సిప్3ఏ4కు టెస్టోస్టిరాన్ దొరికితే ఎక్కువగా 6వ కార్బన్‌ను పట్టుకుంటుంది. సిప్3ఏ7కు టెస్టోస్టిరాన్‌తో పని నిదానం, డీహెచ్ఈఏ సల్ఫేట్‌తో జోరు. ఆ కొద్దిపాటి అమైనో ఆమ్లాల తేడాతో ఎంజైము లోపల స్టెరాయిడ్ కూర్చునే గూడు ఆకారం మారుతుంది. గూట్లో స్టెరాయిడ్ ఎటు తిరిగి కూర్చుంటే ఆ వైపు కార్బనే ఇనుముకు ఎదురుపడుతుంది. డీహెచ్ఈఏ సల్ఫేట్‌లో సల్ఫేట్ ఒక కొసన ఉంటే, 16వ కార్బన్ రెండో కొసన ఉంటుంది. ఇంత చిన్న అమరికతో ఒక హార్మోన్ దారే మారిపోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా అద్భుతంగానే ఉంటుంది.

ఈ కుటుంబంలోనే సిప్3ఏ5 అని మరొకటుంది. అదీ 6వ కార్బన్ వైపే మొగ్గుతుంది గానీ వేగం తక్కువ. జన్యువులో ఒక్క అక్షరం మార్పు వల్ల చాలామందిలో అది దాదాపు తయారే కాదు.

బిడ్డ పుట్టాక సిప్3ఏ7 తగ్గుతూ, నెలల మీద సిప్3ఏ4 పెరుగుతుంది. అడ్రినల్‌లో డీహెచ్ఈఏ సల్ఫేట్‌ను అంతగా తయారుచేసిన భాగం కూడా కుంచించుకుపోతుంది.

ఎస్ట్రియాల్ తక్కువ వచ్చిందని వెంటనే టెన్షన్ పడక్కర్లేదు. అది వారం వారం పెరిగే హార్మోన్ కాబట్టి, నెలల లెక్క తప్పినా తక్కువగానే కనిపిస్తుంది. తల్లి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా తగ్గవచ్చు. మిగతా అంకెలతో, స్కానింగ్‌తో కలిపి డాక్టరు చూడాల్సిన విషయమిది.

సిప్3ఏ4 గురించి మాత్రం ఆడవాళ్లు ఒకటి తప్పకుండా తెలుసుకోవాలి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, అదే మూత్రాన్ని నారింజ రంగులోకి మార్చే మందు, కాలేయంలో ఈ ఎంజైమును బాగా పెంచుతుంది. మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్లను అప్పుడు కాలేయం త్వరత్వరగా విరిచేస్తుంది. రోజూ మర్చిపోకుండా మాత్ర వేసుకున్నా గర్భం రావచ్చు. అందుకే టీబీ మందులు మొదలుపెట్టేటప్పుడే మాత్రల సంగతి డాక్టరుకో, ఆశా కార్యకర్తకో మొహమాటపడకుండా చెప్పాలి. రిఫాంపిసిన్ ఆపేశాక కూడా నాలుగు వారాల పాటు ఆ మాత్రలనే నమ్ముకోకూడదు. కాపర్-టీలో హార్మోన్ ఉండదు కనుక దానికి ఈ ఇబ్బంది లేదు.