జావాలో స్టాటిక్ మెథడ్లు, ఇన్‌స్టన్స్ మెథడ్లు: అపోహలు - వాస్తవాలు

జావా కొత్తగా నేర్చుకునేవాళ్లందరికీ మొదటి వారంలోనే ఒక ఎర్రర్ ఎదురవుతుంది. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ మెథడ్‌లోంచి తాము రాసుకున్న మెథడ్‌ని పిలవబోతే, నాన్-స్టాటిక్ మెథడ్‌ని (అంటే ఆబ్జెక్ట్ మీద పిలిచే ఇన్‌స్టన్స్ మెథడ్‌ని) స్టాటిక్ కాంటెక్స్ట్ (ఆబ్జెక్ట్ లేకుండా క్లాస్ పేరుతోనే నడిచే కోడ్) నుంచి పిలవడం కుదరదని కంపైలర్ ఆపేస్తుంది. చాలామంది వెంటనే ఆ మెథడ్ ముందు స్టాటిక్ అని చేర్చేస్తారు. అప్పుడు అది వాడే వేరియబుల్ దగ్గర అదే ఎర్రర్ వస్తుంది, దానికీ స్టాటిక్ తగిలిస్తారు. సాయంత్రానికల్లా క్లాస్ అంతా స్టాటిక్ అయిపోతుంది. ప్రోగ్రామ్ నడుస్తుంది కాబట్టి, నేర్చుకున్నామనే అనుకుంటారు. జావా పాఠాలు చెప్పేటప్పుడూ, కోడ్ రివ్యూల్లోనూ నాకు కనబడే అపోహల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఇన్‌స్టన్స్ మెథడ్‌ని పిలిచినప్పుడు, ఏ ఆబ్జెక్ట్ మీద పిలిచామో దాని రిఫరెన్స్ కూడా మనకు కనబడకుండా లోపలికి వెళ్తుంది. దాన్నే కోడ్‌లో 'దిస్' అంటాం. జావా ప్రోగ్రామ్‌ని నడిపే జేవీఎం చదివే బైట్‌కోడ్ స్థాయిలో లోకల్ వేరియబుల్స్ వరుసలో సున్నా నంబరు స్లాట్ దానిది. స్టాటిక్ మెథడ్‌లో ఆ స్లాట్‌లో మామూలు మొదటి పారామీటర్ ఉంటుంది, 'దిస్' ఉండదు. జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్)తో పాటు వచ్చే జావాపి టూల్‌తో మీ క్లాస్ ఫైల్‌ని విప్పి చూస్తే ఇది కళ్లారా కనిపిస్తుంది.

అపోహ: స్టాటిక్ మెథడ్ మెమరీ ఆదా చేస్తుంది. వెయ్యి ఆబ్జెక్టులు చేస్తే ఇన్‌స్టన్స్ మెథడ్‌కి వెయ్యి కాపీలు తయారవుతాయి.

వాస్తవం: మెథడ్ స్టాటిక్ అయినా కాకపోయినా దాని కోడ్ క్లాస్‌కి ఒక్కసారే లోడ్ అవుతుంది. హాట్‌స్పాట్ జేవీఎంలో జావా 8 నుంచి ఆ సమాచారం మెటాస్పేస్‌లో (క్లాసుల వివరాలు ఉంచే మెమరీ భాగంలో) ఉంటుంది. ఆబ్జెక్ట్‌లో ఉండేవి ఒక చిన్న హెడర్, దాని ఫీల్డులు మాత్రమే. ఆబ్జెక్టులు వెయ్యి ఉంటే ఫీల్డులు వెయ్యి సెట్లు ఉంటాయి, మెథడ్ ఒక్కటే.

వేగం గురించీ ఇలాంటి మాటే వింటాం. స్టాటిక్ కాల్‌కి రిఫరెన్స్ నల్‌గా ఉందా అని చూసే పని లేదు, ఏ క్లాస్‌లోని మెథడ్ నడపాలో వెతికే పని కూడా లేదు. అంతవరకు నిజమే. కానీ తరచుగా నడిచే చిన్న మెథడ్లను జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడుస్తుండగానే మెషిన్ కోడ్‌గా మార్చేది) పిలిచినచోటే ఇమిడ్చేస్తుంది. ఆ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసిన (తనదైన కోడ్‌తో తిరిగి రాసిన) చైల్డ్ క్లాస్ ఏదీ లోడ్ కాకపోతే ఇన్‌స్టన్స్ కాల్ కూడా నేరుగానే వెళ్తుంది. వేగం కోసమని డిజైన్‌ని స్టాటిక్‌గా మార్చడాన్ని నేను రివ్యూలో ఒప్పుకోను.

అపోహ: స్టాటిక్ మెథడ్ ఆబ్జెక్ట్ డేటాని ముట్టుకోలేదు.

వాస్తవం: ఏ ఆబ్జెక్టో చెప్పకుండా ముట్టుకోలేదు, అంతే. ఆబ్జెక్ట్‌ని పారామీటర్‌గా ఇస్తే దాని ఫీల్డులు చదవచ్చు, మార్చవచ్చు. అదే క్లాస్‌కి చెందినవైతే ప్రైవేట్ ఫీల్డులు కూడా. మెయిన్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు చాలాసార్లు చేయాల్సింది ఒక ఆబ్జెక్ట్ సృష్టించి, దాని మీద మెథడ్‌ని పిలవడం.

అపోహ: స్టాటిక్ మెథడ్‌ని కూడా ఓవర్‌రైడ్ చేయవచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. తప్పు జరిగినా ఎర్రర్ రాదు, అదీ ప్రమాదం. ఖాతా అనే క్లాస్‌లో వడ్డీరేటు() అనే స్టాటిక్ మెథడ్ ఉందనుకోండి. దాన్నుంచి వచ్చిన సేవింగ్స్‌ఖాతా క్లాస్‌లో అదే పేరుతో ఇంకో స్టాటిక్ మెథడ్ రాశారు. కంపైలర్ కిమ్మనదు. ఇప్పుడు ఖాతా టైప్ వేరియబుల్‌లో సేవింగ్స్‌ఖాతా ఆబ్జెక్ట్ పెట్టి వడ్డీరేటు() పిలిస్తే నడిచేది ఖాతా క్లాస్‌లోని మెథడే. స్టాటిక్ కాల్ ఎక్కడికి వెళ్లాలో కంపైల్ సమయంలోనే, వేరియబుల్ టైప్ చూసి తేలిపోతుంది. లోపల ఉన్న ఆబ్జెక్ట్ ఏదన్నది జేవీఎం చూడనే చూడదు. దీన్ని హైడింగ్ అంటారు, ఓవర్‌రైడింగ్ కాదు. వడ్డీ తప్పుగా లెక్కవుతూనే ఉంటుంది, లాగ్‌లో మాత్రం ఏమీ పడదు.

చైల్డ్ క్లాస్ మెథడ్ మీద ఓవర్‌రైడ్ యానొటేషన్ పెట్టే అలవాటుంటే కంపైలర్ అక్కడికక్కడే పట్టిస్తుంది. అలాగే పేరెంట్‌లో స్టాటిక్‌గా ఉన్నదాన్ని చైల్డ్‌లో అదే సిగ్నేచర్‌తో ఇన్‌స్టన్స్ మెథడ్‌గా రాయలేం, తలకిందులుగానూ రాయలేం.

దీనికి తమ్ముడులాంటి అపోహ ఇంకోటుంది: ఆబ్జెక్ట్ మీద పిలిచాం కాబట్టి పని ఆ ఆబ్జెక్ట్‌కే జరుగుతుందని. థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) క్లాస్‌లోని స్లీప్ మెథడ్ చూడండి. వర్కర్ అనే థ్రెడ్ ఆబ్జెక్ట్ చేసి, మెయిన్‌లో వర్కర్.స్లీప్(2000) అని రాస్తే ఎవరు ఆగుతారు? వర్కర్ ఆగదు. ఆ లైను నడుపుతున్న మెయిన్ థ్రెడ్డే రెండు సెకన్లు నిద్రపోతుంది. స్లీప్ స్టాటిక్ మెథడ్, దానికి వర్కర్ ఎవరో తెలియదు. వర్కర్ వేరియబుల్‌లో నల్ ఉన్నా ఇదే జరుగుతుంది, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ రాదు. 'దిస్' లేనప్పుడు నల్ అయితేనేం? అందుకే స్టాటిక్ మెథడ్‌ని ఎప్పుడూ క్లాస్ పేరుతోనే పిలవాలి. ఐడీఈలు (కోడ్ రాసుకునే ఎడిటర్లు) ఇలాంటిచోట హెచ్చరిస్తాయి. ఆ పసుపు గీతల్ని దాటేసి పోకండి. ఇంటర్‌ఫేస్‌లలో జావా 8 నుంచి స్టాటిక్ మెథడ్లు రాయవచ్చు. వాటికి ఈ గొడవే లేదు, ఇంటర్‌ఫేస్ పేరుతో తప్ప కంపైలర్ పిలవనివ్వదు.

అపోహ: స్టాటిక్ మెథడ్ థ్రెడ్ సేఫ్ (చాలా థ్రెడ్లు ఒకేసారి పిలిచినా తప్పు రాదు). కొందరు దీన్నే తిప్పి, స్టాటిక్ ఎప్పుడూ థ్రెడ్ సేఫ్ కాదంటారు.

వాస్తవం: రెండూ తప్పే. మెథడ్‌లోని లోకల్ వేరియబుల్స్ ఏ థ్రెడ్‌వి ఆ థ్రెడ్ స్టాక్‌లో ఉంటాయి. రెండు సంఖ్యల్లో పెద్దదేదో చెప్పే మ్యాథ్.మ్యాక్స్‌ని ఎన్ని థ్రెడ్లు ఒకేసారి పిలిచినా ఇబ్బంది లేదు. మార్పుకు గురయ్యే డేటాని అందరూ పంచుకున్నప్పుడే చిక్కు. తేదీని ఫార్మాట్ చేసే యుటిలిటీలో సింపుల్‌డేట్‌ఫార్మాట్ ఆబ్జెక్ట్‌ని స్టాటిక్ ఫీల్డ్‌గా ఉంచడం పాత ప్రాజెక్టుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అది లోపల తన క్యాలెండర్‌ని మారుస్తూ ఉంటుంది కాబట్టి లోడ్ పెరిగినప్పుడు ఒకరి తేదీ ఇంకొకరికి వెళ్తుంది. జావా 8లో వచ్చిన డేట్‌టైమ్‌ఫార్మాటర్‌కి ఆ సమస్య లేదు, ఒకసారి చేశాక అది మారదు.

లాక్ వేసి ఒకసారికి ఒకే థ్రెడ్‌ని వదిలే సింక్రనైజ్డ్ అని పెట్టేశాం కదా అని కూడా ధీమాగా ఉండకూడదు. ఇన్‌స్టన్స్ మెథడ్ లాక్ పడేది 'దిస్' మీద. స్టాటిక్ మెథడ్‌లో 'దిస్' లేదు కాబట్టి లాక్ ఆ క్లాస్‌నే సూచించే ప్రత్యేక 'క్లాస్' ఆబ్జెక్ట్ మీద పడుతుంది. ఇవి రెండు వేర్వేరు తాళాలు. ఒకే స్టాటిక్ కౌంటర్‌ని ఒక స్టాటిక్ మెథడ్, ఒక ఇన్‌స్టన్స్ మెథడ్ మారుస్తుంటే, రెండూ సింక్రనైజ్డ్ అయినా రెండు థ్రెడ్లు ఒకేసారి లోపలికి వెళ్లగలవు. లెక్క తప్పుతుంది.

అపోహ: స్టాటిక్ వాడటమే చెడ్డ అలవాటు, టెస్ట్ చేయలేం.

వాస్తవం: ఇచ్చిన విలువల మీదే ఆధారపడి జవాబిచ్చే స్టాటిక్ మెథడ్ కన్నా తేలికగా టెస్ట్ చేయగలిగేది ఇంకేముంటుంది? ఇంటిజర్.పార్స్‌ఇంట్‌కి స్ట్రింగ్ ఇస్తాం, అంకె వస్తుంది, అంతే. ఇంటిజర్.వాల్యూఆఫ్ అయితే కన్‌స్ట్రక్టర్ చేయలేని పని కూడా చేస్తుంది: -128 నుంచి 127 వరకు ఉన్న విలువలకు కొత్త ఆబ్జెక్ట్ చేయకుండా క్యాష్‌లో ఉన్నదే తిరిగిస్తుంది. ఇబ్బంది పెట్టేవి డేటాబేస్‌నో, గడియారాన్నో రహస్యంగా తాకే స్టాటిక్ మెథడ్లు. లోకల్‌డేట్.నౌ() అని లోపల రాసేస్తే, నెలాఖరు లెక్కని నెల మధ్యలో టెస్ట్ చేయడం కష్టం. క్లాక్ ఆబ్జెక్ట్‌ని బయటినుంచి ఇచ్చి లోకల్‌డేట్.నౌ(క్లాక్) అని పిలిస్తే టెస్ట్‌లో ఏ తేదీ కావాలంటే ఆ తేదీ పెట్టుకోవచ్చు. మాకిటో అనే టెస్టింగ్ లైబ్రరీలో 3.4 నుంచి స్టాటిక్ మెథడ్లను కూడా మాక్ చేయవచ్చు (టెస్ట్‌లో నకిలీ జవాబు ఇప్పించవచ్చు). మనం మార్చలేని పాత కోడ్‌కి అది అక్కరకొస్తుంది. కొత్తగా రాసే కోడ్‌కి దాని అవసరం పడిందంటే డిజైన్‌ని ఇంకోసారి చూసుకోవడం మంచిది.

అపోహ: మెయిన్ కచ్చితంగా స్టాటిక్ అయి ఉండాలి.

వాస్తవం: అమీర్‌పేట కోర్ జావా క్లాసులకు వెళ్లినవాళ్లకు ఇది బాగా అలవాటైన ఇంటర్వ్యూ ప్రశ్న. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పటికి ఏ ఆబ్జెక్టూ ఉండదు కాబట్టి మెయిన్ స్టాటిక్ అనే జవాబు చాలా ఏళ్లు సరైనదే. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25తో ఇది మారింది. ఇప్పుడు మెయిన్‌ని ఇన్‌స్టన్స్ మెథడ్‌గా రాయవచ్చు. క్లాస్‌కి పారామీటర్లు లేని, ప్రైవేట్ కాని కన్‌స్ట్రక్టర్ ఉంటే చాలు, ఆబ్జెక్ట్‌ని జేవీఎం తనే సృష్టించి దాని మీద మెయిన్‌ని పిలుస్తుంది. జావా 21లో ఇది ప్రివ్యూగా ఉంది, ప్రత్యేకంగా ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. మీ ప్రాజెక్ట్ జావా 17 మీద ఉంటే మాత్రం పాత పద్ధతిలో పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ రాయాల్సిందే.