ఓటు లేకపోయినా మీకూ ఒక కాంగ్రెస్ సభ్యుడు ఉన్నాడు: జార్జియాలో మనవాళ్ళ అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడి డిస్ట్రిక్ట్ (నియోజకవర్గం) ఆఫీసులో కేస్‌వర్క్ చూస్తుంటాను. ఫెడరల్ శాఖల్లో ఆగిపోయిన ఫైళ్ళ గురించి జనం తరఫున అడగడం మా పని. కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నా, చాలామంది మా దాకా రారు. వచ్చేవాళ్ళలో కొందరు మేం చేయలేని పని అడుగుతారు.

అపోహ: "మాకు ఓటే లేదు, మా గోడు ఎవరు వింటారు?"

డిస్ట్రిక్టులో ఉంటే చాలు, వింటారు. పౌరసత్వం, పార్టీ అడగరు. 2020 జనాభా లెక్కల్లో జార్జియా జనం 1 కోటి 7 లక్షలు. 14 డిస్ట్రిక్టులకు పంచితే ఒక్కోదానికి సుమారు 7 లక్షల 65 వేలు. అందులో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళూ ఉన్నారు. డిస్ట్రిక్టుల సరిహద్దు గీతలు గీసేటప్పుడు మిమ్మల్ని లెక్కపెట్టారు, ఓటింగ్ రోజునే లెక్కలో లేరు.

అసలు ఈ సమాన పంపకం జార్జియాలో మొదలైన తగాదా వల్లే వచ్చింది. ఒకప్పుడు అట్లాంటా ఉన్న 5వ డిస్ట్రిక్టులో 8,23,680 మంది, 9వ దాంట్లో 2,72,154 మంది. రెండింటికీ ఒక్కో సభ్యుడే! 1964లో వెస్‌బెర్రీ వర్సెస్ శాండర్స్ కేసులో సుప్రీంకోర్టు ఇది కుదరదంది.

అపోహ: "కాంగ్రెస్‌మన్ లెటర్ రాస్తే గ్రీన్‌కార్డు వచ్చేస్తుంది."

ఊళ్ళో ఎమ్మెల్యే సిఫారసు చూసిన అలవాటు ఇది. మేం యూఎస్‌సీఐఎస్‌ని (ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ఫెడరల్ శాఖ) "ఈ ఫైలు ఎందుకు ఆగింది?" అని అడగగలం. ఆదేశించలేం. ఈఏడీ (పని చేసేందుకు అనుమతి కార్డు) మామూలు గడువు దాటినా, పాస్‌పోర్టు ఇరుక్కున్నా ఆ ప్రశ్న పనికొస్తుంది. ప్రయారిటీ డేట్‌ను (గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం చెప్పే తేదీ) మాత్రం ఒక్క రోజు కూడా ముందుకు జరపలేం. ఏటా ఇచ్చే ఉద్యోగ, కుటుంబ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి చట్టంలోనే ఉంది. దాన్ని మార్చాలంటే కాంగ్రెస్‌లో ఓటింగ్ జరగాలి. అమ్మానాన్నల విజిటర్ వీసాను హైదరాబాద్ కాన్సులేట్ తిరస్కరిస్తే, ఆ నిర్ణయాన్నీ మేం తిప్పలేం.

ఫోన్లో వివరాలు చెప్పేస్తే సరిపోదు. ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం కావాలి, అదీ ఫైలు ఎవరిదో వాళ్ళది. ఐ-485 (గ్రీన్‌కార్డు కోసం మీరు వేసే దరఖాస్తు) అయితే మీరే పెడతారు. హెచ్-1బి పిటిషన్, ఐ-140 (ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకు వేసే పిటిషన్) మాత్రం కంపెనీ వేసినవి కాబట్టి కంపెనీ సంతకం పెట్టాలి. ఎక్కువ టైం ఇక్కడే పోతుంది. రాష్ట్రానికి ఉన్న ఇద్దరు సెనేటర్ల ఆఫీసులూ ఇదే పని చేస్తాయి. కానీ ఒకే ఫైలు మీద ముగ్గురితో అడిగించకండి, జవాబులు కలగాపులగం అవుతాయి.

అపోహ: "ఇల్లు మారలేదుగా, డిస్ట్రిక్టూ అదే."

గీతలు గీసేది రాష్ట్ర శాసనసభ. 2021లో మార్చారు. 2023 అక్టోబరులో ఫెడరల్ జడ్జి ఆ మ్యాపు ఓటింగ్ హక్కుల చట్టానికి విరుద్ధమనడంతో డిసెంబరులో మళ్ళీ మార్చారు. కాంగ్రెస్‌కు లూసీ మెక్‌బాత్ గెలిచిన తీరు చూడండి: 2018, 2020ల్లో 6వ డిస్ట్రిక్టు నుంచి, 2022లో 7 నుంచి, 2024లో మళ్ళీ 6 నుంచి గెలిచారు. మరో సభ్యుడు రిచ్ మెక్‌కార్మిక్ 6 నుంచి 7కి వెళ్ళారు. పాత నంబరు నమ్ముకుని వేరే ఆఫీసుకు పంపితే ఫైలు తిరిగొస్తుంది. జిప్ కోడ్ ఒక్కటే చాలదు, కొన్ని జిప్ కోడ్‌లు రెండు డిస్ట్రిక్టుల్లో ఉంటాయి. కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభ వెబ్‌సైటులో పూర్తి అడ్రస్ కొట్టి చూసుకోండి.

అన్నట్టు, సభ్యుడు ఆ డిస్ట్రిక్టులోనే కాపురం ఉండాలన్న రూలు కూడా లేదు. ఎన్నికయ్యేనాటికి రాష్ట్రంలో ఉంటే చాలు. 2017 ఉప ఎన్నికలో జాన్ ఆసాఫ్ 6వ డిస్ట్రిక్టు బయట ఉంటూనే అక్కడ పోటీ చేశారు. ఓడిపోయారు, అది వేరే సంగతి.

అపోహ: "నా జీతం డబ్బే, విరాళం ఇస్తే తప్పేంటి?"

హెచ్-1బి మీద ఉంటే తప్పే, చట్టవిరుద్ధం. ఫండ్‌రైజర్ డిన్నర్ టికెట్ కొన్నా విరాళం కిందికే వస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. జీతం తీసుకోకుండా ప్రచారంలో ఫోన్లు చేయడానికి, కరపత్రాలు పంచడానికి హెచ్-1బి వాళ్ళకూ అడ్డు లేదు.