ఓడిన జట్టులో ఉత్తమ ఆటగాడు

చిరంజీవులైన మనవరాలికీ మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో మీ అమ్మ అంతా చెప్పింది. జిల్లా కబడ్డీ పోటీల ఫైనల్లో మీ జట్టు ఓడిపోయిందట. అయినా ఉత్తమ క్రీడాకారిణి షీల్డు నీకే ఇచ్చారట. నువ్వు దాన్ని ఎవరికీ చూపించకుండా తెచ్చి వంటింట్లో బియ్యం డబ్బా వెనక పెట్టేశావట. "ఓడిపోయినవాళ్ళకు షీల్డు ఏమిటి? జాలిపడి ఇచ్చి ఉంటారు" అని తమ్ముడు అన్నాడట. వాడి మీద కోపం పెట్టుకోకు తల్లీ. చాలామంది పెద్దవాళ్ళు కూడా మనసులో అలాగే అనుకుంటారు. ముప్పై ఏళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన నాకే ఆ మాటకు సరైన జవాబు ఇక్కడ, మీ పిన్ని ఇంట్లో, నాకు ఏమాత్రం తెలియని ఒక ఆట చూస్తుండగా దొరికింది. ఫోనులో నాలుగు ముక్కలు చెబితే తీరేది కాదని కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

ఆ ఆట బేస్‌బాల్. అందులోనూ అమెరికా కాలేజీ కుర్రాళ్ళు ఆడేది. జూన్ వచ్చిందంటే ఈ ఇంట్లో టీవీ దానికే అంకితం. మీ బాబాయి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. క్రికెట్ తెలిసిన మీకు ఇది ఎంతసేపు? బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బంతి నేలను తాకకుండా నేరుగా బ్యాటర్ దగ్గరికి రావాలి. కొట్టదగిన బంతుల్ని వదిలేసినా, కొట్టబోయి తప్పినా లెక్క పడుతుంది. అలా మూడు పడితే బ్యాటర్ అవుట్. దాన్ని స్ట్రయికవుట్ అంటారు. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు బ్యాటింగుకు వస్తుంది. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్. మైదానంలోని నాలుగు మూలల్ని బేసులంటారు, వాటిని చుట్టి వస్తే ఒక పరుగు. బంతి మైదానం గోడ దాటితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. ఈ ఉత్తరానికి ఇంత తెలిస్తే చాలు.

ఏటా జూన్‌లో ఎనిమిది కాలేజీ జట్లు నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరానికి చేరతాయి. 1950 నుంచి కాలేజీ వరల్డ్ సిరీస్ అనే జాతీయ పోటీ జరిగేది అక్కడే. అంతకు ముందు, 1947లో, మొట్టమొదటి పోటీ మిషిగన్‌లోని కలమజూ అనే ఊళ్ళో జరిగింది. అందులో ఓడిన యేల్ జట్టులో ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి ఆడిన కుర్రవాడు తరువాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆయనే జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్. మరుసటి ఏడాదీ ఫైనల్ దాకా వచ్చి మళ్ళీ ఓడారు.

ఈ పోటీ ముగిశాక గెలిచిన జట్టుకు కప్పు ఇస్తారు. దానితోపాటు పోటీ మొత్తంలో అందరికంటే బాగా ఆడిన ఒక్కరిని ఎంపిక చేస్తారు. ఆ ఒక్కరు గెలిచిన జట్టులోనే ఉండాలన్న నియమం లేదు. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఇదే.

1996 ఫైనల్ సంగతి చెబుతాను. లూసియానా స్టేట్ జట్టుకు ఎదురుగా మయామీ జట్టు. తొమ్మిదో ఇన్నింగ్స్ చివర, ఇద్దరు అవుటయ్యారు. మయామీ 8, లూసియానా 7. ఇంకొక్క అవుట్ వస్తే కప్పు మయామీదే. అప్పుడు వారెన్ మోరిస్ బ్యాటింగుకు వచ్చాడు. చెయ్యి ఎముక విరిగి ఆ సీజన్లో చాలా ఆటలకు దూరమైన కుర్రవాడు. ఆ ఏడాది అప్పటిదాకా ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. వచ్చిన మొదటి బంతినే కొట్టాడు. అది కుడివైపు గోడ దాటింది. అప్పటికే బేస్ మీద ఉన్న సహచరుడి పరుగుతో కలిపి రెండు పరుగులు. 9–8. అతను బేసుల చుట్టూ పరుగెడుతుంటే మయామీ ఆటగాళ్ళు నిలబడ్డచోటే నేలమీద బోర్లా పడిపోయారు. ఆ దృశ్యం చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

ఆ పోటీలో ఉత్తమ ఆటగాడిగా ఎంపికైంది మోరిస్ కాదు. ఓడిన మయామీ జట్టులోని పాట్ బరెల్. అప్పుడతను మొదటి సంవత్సరం విద్యార్థి. మోరిస్ కొట్టిన దెబ్బను కాలేజీ బేస్‌బాల్ ఎప్పటికీ మరిచిపోదు, అది వేరే సంగతి. కానీ పోటీ మొదటి రోజు నుంచీ చూసినవాళ్ళు చివరి బంతి చప్పుడులో బరెల్‌ను మరిచిపోలేదు. జాలిపడి ఇవ్వలేదు వాళ్ళు. చూశారు కాబట్టి ఇచ్చారు.

ఇంకొంచెం వెనక్కి, 1973కు వెళదాం. మిన్నెసోటా విశ్వవిద్యాలయం తరఫున డేవ్ విన్‌ఫీల్డ్ అనే పొడుగాటి కుర్రవాడు పిచర్‌గా ఆడుతున్నాడు. ఎదురుగా సదరన్ కాలిఫోర్నియా. ఎనిమిది ఇన్నింగ్స్ దాకా అవతలివాళ్ళకు ఒక్క పరుగూ ఇవ్వలేదు. తొమ్మిదోదానికి వచ్చేసరికి మిన్నెసోటా 7, వాళ్ళు సున్నా. అక్కడ ఆట తిరగబడింది. అలసిన విన్‌ఫీల్డ్‌ను పిచింగ్ నుంచి తప్పించి దూరంగా ఎడమవైపు మైదానంలో నిలబెట్టారు. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లోనే ఎనిమిది పరుగులు వచ్చేశాయి. 8–7తో మిన్నెసోటా ఇంటిదారి పట్టింది. కప్పు సదరన్ కాలిఫోర్నియాకు. ఉత్తమ ఆటగాడి గౌరవం మాత్రం విన్‌ఫీల్డ్‌కు. ఆ ఏడాది బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ మూడింటిలోనూ వృత్తి జట్లు అతన్ని కోరుకున్నాయి. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడకపోయినా సరే!

అతన్ని ఓడించిన జట్టుకు కోచ్ రాడ్ డెడో. 1942 నుంచి 1986 దాకా, 45 సీజన్లు ఒకే కాలేజీకి శిక్షణ ఇచ్చాడు. 11 జాతీయ టైటిళ్ళు గెలిపించాడు, అందులో 1970 నుంచి 1974 దాకా వరసగా ఐదు. ఆయనకు సొంత లారీల వ్యాపారం ఉండేది. కోచ్‌గా తీసుకున్న జీతం నామమాత్రం, ఏడాదికి ఒక డాలరు. కనబడిన ప్రతివాణ్ణీ "టైగర్" అని పిలిచేవాడు. మేటి ఆటగాళ్ళనూ కోచ్‌లనూ గౌరవించే కాలేజీ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2006లో మొదలైనప్పుడు మొదటి వరసలో చేర్చినవాళ్ళలో డెడో ఉన్నాడు, విన్‌ఫీల్డ్ కూడా ఉన్నాడు. 33 ఏళ్ళ కిందట ఓడించిన కోచ్, ఓడిపోయిన కుర్రవాడు ఒకే జాబితాలో, ఒకే రోజు. ఇది చదివాక కుర్చీలోంచి లేచి మీ బాబాయికి కూడా చదివి వినిపించాను.

కోచ్‌లలో నాకు అందరికంటే దగ్గరగా అనిపించినవాడు మాత్రం డెడో కాదు, ఫ్లోరిడా స్టేట్‌కు 40 ఏళ్ళు కోచ్‌గా ఉన్న మైక్ మార్టిన్. ఆయన జట్లు 2,029 ఆటలు గెలిచాయి. 2019లో ఆయన విరమించుకునేనాటికి కాలేజీ బేస్‌బాల్ చరిత్రలో ఏ కోచ్‌కూ అన్ని విజయాలు లేవు. జట్టును 17 సార్లు ఒమాహా తీసుకువెళ్ళాడు. ఒక్కసారి కూడా కప్పు రాలేదు. తమ్ముడి లెక్క ప్రకారం ఆయన ఓడినవాడే కదా? కానీ ఆ కాలేజీవాళ్ళు ఆయన ఇంకా పనిచేస్తుండగానే, 2005లో, మైదానానికి ఆయన పేరు పెట్టారు. అందుకోసం కప్పు వచ్చేదాకా ఆగలేదు. ఏటా కొత్త కుర్రాళ్ళు రావడం, నేర్చుకోవడం, వెళ్ళిపోవడం, ఆయన అక్కడే ఉండి మళ్ళీ మొదటి నుంచి నేర్పడం. ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడికి అందులోని బరువు తెలుస్తుంది.

ఆ మైదానం ఉన్న స్టేడియం పేరు డిక్ హౌజర్ స్టేడియం. హౌజర్ అక్కడే చదివి, అక్కడే ఆడి, 1979లో అక్కడే కోచ్‌గా ఉన్నాడు. ఆయన తరువాతే మార్టిన్ వచ్చాడు. 1985లో కాన్సస్ సిటీ రాయల్స్ జట్టును వృత్తి జట్ల వరల్డ్ సిరీస్‌లో గెలిపించిన హౌజర్, 1987 జూన్‌లో మెదడు క్యాన్సర్‌తో, 51 ఏళ్ళకే కన్నుమూశాడు. ఆ ఏడాది నుంచే ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఆయన పేరిట ట్రోఫీ ఇస్తున్నారు. 2008లో ఆ ట్రోఫీ అందుకున్నవాడు బస్టర్ పోజీ. హౌజర్ పేరున్న స్టేడియంలో, మార్టిన్ శిక్షణలో ఎదిగిన కుర్రవాడు. ఆ సీజన్లో ఒక ఆటలో మైదానంలోని తొమ్మిది స్థానాల్లోనూ ఆడాడతను. అలాగే టెక్సస్ టెక్ ఆటగాడు బ్రూక్స్ వాలెస్ రక్తక్యాన్సర్‌తో 27 ఏళ్ళకే పోయాడు. అతను ఆడిన స్థానం షార్ట్‌స్టాప్, అంటే రెండో మూడో బేసుల మధ్య ఫీల్డింగ్ చోటు. ఇప్పుడు ఉత్తమ షార్ట్‌స్టాప్‌కు ఇచ్చే బహుమతికి అతని పేరే. బహుమతి అందుకునే కుర్రవాడు "ఎవరీ వాలెస్?" అని ఒక్కసారైనా అడుగుతాడు కదా. ఆ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడిగేలా చేశారు. మన ఊళ్ళో తాతల పేర్లు మనవళ్ళకు పెట్టుకున్నట్టే.

ఇప్పుడు మీ ఇద్దరూ తప్పక తెలుసుకోవలసిన మనిషి గురించి. 1978 నుంచి అమెరికాలో ఉత్తమ అమెచ్యూర్ బేస్‌బాల్ ఆటగాడికి గోల్డెన్ స్పైక్స్ అనే పురస్కారం ఇస్తున్నారు. స్పైక్స్ అంటే ఆటగాళ్ళు వేసుకునే ముళ్ళ బూట్లు. 1987లో అది అందుకున్నవాడు మిషిగన్ విశ్వవిద్యాలయం పిచర్ జిమ్ ఆబట్. అతనికి పుట్టుకతోనే కుడి అరచెయ్యి లేదు.

బేస్‌బాల్‌లో ఒక చేతితో బంతి విసురుతారు, రెండో చేతికి పెద్ద తోలు గ్లౌజు తొడుక్కుని బంతి పడతారు. ఒక్క చెయ్యే ఉన్నవాడు రెండూ ఎలా చేస్తాడు? వీడియో నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి చూశాను. బంతి ఎడమచేత్తో పట్టుకుని ఉంటాడు. గ్లౌజు, అరచెయ్యి లేని కుడి ముంజేతి చివర తగిలించి ఉంటుంది. బంతి విసురుతాడు. బంతి ఇంకా బ్యాటర్‌ను చేరుతూ ఉండగానే ఎడమచెయ్యి గ్లౌజులోకి దూరిపోతుంది. బ్యాటర్ తిరిగి కొట్టిన బంతిని ఆ గ్లౌజుతోనే పడతాడు. వెంటనే గ్లౌజును కుడి ముంజేతికీ ఒంటికీ మధ్య ఇరికించి, ఎడమచెయ్యి బయటికి లాగుతాడు, ఆ చేతిలో బంతి ఉంటుంది, విసిరేస్తాడు. ఇదంతా మనం "అరే" అనేలోగా అయిపోతుంది. తమ్ముడూ, ఒకసారి టెన్నిస్ బంతితో ప్రయత్నించి చూడు. చిన్నప్పుడు అతను ఇంటి గోడకు బంతి కొడుతూ, గోడకు ఇంకా ఇంకా దగ్గరగా జరుగుతూ సాధన చేశాడు.

మరుసటి ఏడాది సియోల్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ ప్రదర్శన క్రీడగా ఉన్నప్పుడు, అమెరికా గెలిచిన ఫైనల్లో పిచర్ అతనే. 1993లో న్యూయార్క్ యాంకీస్ తరఫున, ప్రత్యర్థి జట్టుకు ఒక్క హిట్ కూడా, అంటే బంతిని కొట్టి బేస్ చేరే అవకాశం, ఇవ్వకుండా మొత్తం ఆట ముగించాడు. గోల్డెన్ స్పైక్స్ ఇచ్చినప్పుడు అతని చెయ్యి చూసి ఇవ్వలేదు, పిచింగ్ చూసి ఇచ్చారు. నీ షీల్డు గురించి నువ్వు అనుకుంటున్నదానికి ఇది జవాబు అవుతుందేమో చూడు.

ఇంకొక పేరు వింటే మీరు ఎగిరి గంతేస్తారు. కుమార్ రాకర్! అతని తల్లి భారతీయ కుటుంబంలో పుట్టిన అమ్మాయి. అమ్మ ఇంటిపేరే కొడుకు పేరైంది. తండ్రి పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. 2019లో అతని కాలేజీ వాండర్‌బిల్ట్ జట్టు ఒమాహా వెళ్ళేముందు డ్యూక్ జట్టుతో తలపడింది. మొదటి ఆటలో చిత్తుగా ఓడింది. మరునాడూ ఓడితే సీజన్ అక్కడితో ముగుస్తుంది. ఆ రోజు మొదటి సంవత్సరం కుర్రవాడు కుమార్ బంతి పట్టాడు. ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అవతలి జట్టు 27 అవుట్లలో 19 ఒక్కడే స్ట్రయికవుట్లతో తీశాడు. తరువాత ఒమాహాలో వాండర్‌బిల్ట్ కప్పు గెలిచింది, ఉత్తమ ఆటగాడు అతనే. రెండేళ్ళకు మళ్ళీ ఫైనల్ వచ్చింది. నిర్ణాయక ఆటలో బంతి మళ్ళీ అతనికే ఇచ్చారు. ఈసారి ఓడిపోయారు. అందుకని 2019 గౌరవాన్ని ఎవరూ తిరిగి అడగలేదు.

ఇవన్నీ చూస్తూ ఉంటే నా పాత పొరపాటు ఒకటి గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. నేను పనిచేసిన ఒక పాఠశాలలో వాలీబాల్ జట్టు ఉండేది. నెట్ దగ్గర ఎగిరి బంతిని కొట్టేవాళ్ళు ఇద్దరు బాగా పేరు తెచ్చుకున్నారు. వాళ్ళకు సరిగ్గా కొట్టడానికి అనువుగా బంతిని లేపి ఇచ్చే కుర్రవాడు ఒకడు ఉండేవాడు. వాడు లేకపోతే ఆ ఇద్దరూ లేరు. వార్షికోత్సవంలో బహుమతులకు పేర్లు రాసి ఇచ్చింది నేనే. ఆ ఇద్దరి పేర్లు రాశాను. మూడో పేరు రాయడం నాకు తోచలేదు. సభ అయ్యాక కుర్చీలు మోసి గదిలో పెట్టింది ఆ మూడోవాడే. నేను చూశాను, "శభాష్" అని కూడా అనలేదు. వాడు ఇప్పుడెక్కడున్నాడో. ఆటను పూర్తిగా చూసే కన్ను ఆ రోజు నాకు లేదు.

మీ పోటీల్లో ఆ కన్ను ఉన్నవాళ్ళు ఎవరో ఉన్నారు. మీ జట్టు ఓడిన ఆటలో నువ్వు గీత అవతలికి ఎన్నిసార్లు వెళ్ళావో, ఎన్నిసార్లు పట్టు విడిపించుకుని వచ్చావో వాళ్ళు లెక్కపెట్టుకున్నారు. మీ కోచ్ మేడమ్‌ను నువ్వు ఒక్కసారి కలిసి, నీ పేరు ఎవరు సూచించారో అడుగు. ఆమెకు షీల్డు చూపించి, ఒక ఫోటో కూడా తీసుకో.

నేను వచ్చే నెల 12న బయలుదేరుతున్నాను. ఈలోగా షీల్డును బియ్యం డబ్బా వెనకనుంచి తీసి, కొంచెం చింతపండు పెట్టి తోమి, హాల్లో టీవీ పక్కన పెట్టండి. దాని మీద నీ పేరు అక్షరాలు తప్పులేకుండా చెక్కారో లేదో నేను వచ్చి చూస్తాను. తమ్ముడికి ఇక్కడ ఒక గ్లౌజు కొన్నాను. వాడు ఎడమచేతివాటం కదా, అందుకని కుడిచేతికి తొడుక్కునేదే అడిగి తీసుకున్నాను.

అమ్మానాన్నలకు నా ఆశీస్సులు చెప్పండి.

మీ
తాతయ్య