పంచే డబ్బు ఎవరిది? ఛాలెంజ్ వీడియోల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న నెల్లూరు మైపాడు గేటు దగ్గర టీ తాగుతుంటే ఇంటర్ కుర్రాడొకడు వచ్చి, "అన్నా, నీకు రోజుకు లక్ష వస్తాదంట కద, మా చిన్నాయన చెప్పినాడు" అన్నాడు. అప్పటికి నా బండి ఈఎంఐ రెండు నెలలు బాకీ. ఆరేళ్ల నుంచి ఛాలెంజ్ వీడియోలు, సాయం వీడియోలు చేస్తున్నాను. ఊళ్లో కొందరు నన్ను మిస్టర్ బీస్ట్ అని పిలుస్తారు. అందులో సగం వెక్కిరింపే. అసలు మిస్టర్ బీస్ట్ అమెరికా యూట్యూబర్, 2024 జూన్‌లో మన దేశపు పాటల కంపెనీ టీ-సిరీస్‌ను దాటి, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సబ్‌స్క్రైబర్లున్న ఛానెల్ అయ్యాడు. ఆయన్ని చూసి ఈ పనిలోకి దిగాలనుకునే పిల్లలు మన జిల్లాలో కూడా పెరిగారు. రోజూ వినే మాటలకు ఒకేసారి జవాబు రాసేస్తే నాకూ గొంతు నొప్పి తగ్గుతుంది.

అపోహ: డబ్బున్నోడు కాబట్టి పంచుతున్నాడు

మిస్టర్ బీస్ట్ అసలు పేరు జిమ్మీ డొనాల్డ్‌సన్. 1998లో పుట్టాడు, అమెరికాలో గ్రీన్‌విల్ అనే ఊళ్లో పెరిగాడు. 2012లో, పదమూడేళ్ల వయసులో ఛానెల్ పెట్టాడు. ఐదేళ్ల దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2017 జనవరిలో కుర్చీలో కూర్చుని ఒకటి నుంచి లక్ష దాకా లెక్కపెట్టాడు. దానికి దాదాపు 40 గంటలు పట్టింది. అదే ఏడాది ఒక స్పాన్సర్ 5 వేల డాలర్లు ఇస్తానంటే, 10 వేలైతే వీడియో ఇంకా బాగా ఆడుతుందని ఒప్పించి, ఆ మొత్తం ఇల్లు లేని ఒకాయన చేతిలో పెట్టాడు.

అంటే మొదటి దానం జేబులోంచి చేసింది కాదు, వీడియో పెట్టుబడి. వీడియో ఆడితే తర్వాతి స్పాన్సర్ ఇంకొంచెం ఎక్కువ ఇస్తాడు, అదీ తర్వాతి వీడియోలోనే పోతుంది. రొయ్యల చెరువులు చేసే మన వైపు వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ పంట డబ్బు వచ్చే పంట సీడుకీ మేతకీ పోతుంది. మధ్యలో వైట్ స్పాట్ రోగం తగిలిందా, చెరువు ఖాళీ. 2021 నవంబర్‌లో ఆయన 456 మందితో ఒక పెద్ద ఆట పెట్టాడు. గెలిచినవాడికి 4 లక్షల 56 వేల డాలర్లు. అందరం ఆ అంకె చూసి నోరెళ్లబెట్టాం. మొత్తం ఖర్చు మాత్రం సుమారు 35 లక్షల డాలర్లు. వీడియో నిడివి అరగంట లోపే.

ఇంకో సంగతి. ఆయన 2022లో చాక్లెట్ల కంపెనీ పెట్టాడు. 2024లో లాభం చాక్లెట్ల మీద వచ్చిందనీ, వీడియోల వైపు నష్టమనీ పత్రికల్లో వచ్చింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. మా ఇంటి అద్దె కట్టేది కూడా యూట్యూబ్ కాదు, పెళ్లిళ్ల సీజన్లో నేను చేసే వీడియో కవరేజి. మూఢాలొస్తే నా ఛానెల్లో వీడియోలు కూడా తగ్గుతాయి, ఎప్పుడైనా గమనించారా?

అపోహ: ఒక వ్యూకు ఒక రూపాయి

ఈ లెక్క ఎవరు కనిపెట్టారో గానీ వాళ్లకు దండం పెట్టాలి. ప్రకటనల్లో వాటా రావాలంటే ముందు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటలు జనం చూడాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు, అంటే చిన్న వీడియోలకు, కోటి వ్యూస్ రావాలి. ఆ తర్వాత పెద్ద వీడియోల మీద ప్రకటనల ఆదాయంలో 55 శాతం మనది. షార్ట్స్‌కు లెక్క వేరు, వాటా 45 శాతం. 10 డాలర్లు చేరగానే ఇంటికి పోస్టులో పిన్ నంబర్ వస్తుంది. అది ఎక్కించి, 100 డాలర్లు దాటితేనే బ్యాంకులో పడతాయి. నా పిన్ కవరు మూలాపేటలో పక్కింటి వాళ్ల టీవీ మీద మూడు వారాలుంది. కరెంటు బిల్లేమో అనుకున్నారట.

వ్యూస్ అన్నీ ఒకటే ధర కూడా పలకవు. అమెరికాలో కూర్చుని చూసేవాడి ముందు ప్రకటన వేయడానికి కంపెనీలు ఎక్కువ ఇస్తాయి, ఒంగోల్లో చూసేవాడి దగ్గర తక్కువ. లక్ష వ్యూస్ వచ్చాయంటే ఎంత వచ్చిందని అడగకండి. ఎవరు చూశారు, ఎంతసేపు చూశారు అన్నది తెలియకుండా నేనైనా చెప్పలేను.

అపోహ: స్టంట్ అంటే ధైర్యం

ధైర్యం కంటే ముందు కావాల్సింది, ఏర్పాట్లన్నీ రాసుకునే ఒక నోట్‌బుక్. మిస్టర్ బీస్ట్ 2021లో శవపేటికలో 50 గంటలు, 2023లో ఏడు రోజులు భూమిలో ఉన్నాడు. చూసేవాళ్లకు పెట్టె కనిపిస్తుంది. లోపలి కెమెరాలు, మాట్లాడుకునే ఏర్పాటు, పైన టీమ్ కాపలా ఎవరి కంటా పడవు.

మా స్థాయిలో ఒకటి చెబుతా. ఇందుకూరుపేట వైపు ఒక వెనామీ రొయ్యల చెరువు గట్టు మీద, కాపలా గుడిసెలో 48 గంటలు ఉండే ఛాలెంజ్ పెట్టుకున్నాం. తేలిక అనుకున్నా. మంచం ఉంది, నీడ ఉంది, చేపల పులుసు క్యారేజీలో వస్తుంది. మొదటి రాత్రి మూడు గంటలప్పుడు కరెంటు పోయింది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దానికే కాపలా ఉండే పెద్దాయన మంచం మీద నుంచి ఎగిరి లేచాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ, ఏరేటర్లు తిరక్కపోతే రొయ్యలు పైకి తేలుతాయి. చెప్పులు కూడా వేసుకోకుండా జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు. వెనక టార్చి పట్టుకుని నేను, నా వెనక కెమెరా. మొదటి తిప్పుకు అంటుకోలేదు. రెండోసారి హ్యాండిల్ తిప్పుతూ ఆయన జనరేటర్‌ను తిట్టిన తిట్లు ఈ ఆరేళ్లలో నేను తీసిన అన్నిటికంటే మంచి నలభై సెకన్లు.

ఒక్క మాటా వినపడలేదు. కాలర్ మైకు నా చొక్కాకు పెట్టుకున్నా గానీ ఆయనకు పెట్టాలన్న ఆలోచన రాలేదు. జనరేటర్ మోత, నా రొప్పు, అంతే. తప్పు పూర్తిగా నాదే. "ఏ కెమెరా కొనాలి అన్నా" అని అడిగే వాళ్లకు అందుకే చెబుతా, ఫోను చాలు, రెండు మైకులు కొనుక్కోండి.

ఇక పెన్నా రైలు బ్రిడ్జి మీద నడవమనీ, మైపాడులో అలలు ఎక్కువున్న రోజు ఈదమనీ నెలకు పదిమంది అడుగుతారు. రైలు పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. ప్రాణాపాయం ఉన్న వీడియోలను యూట్యూబ్ కూడా తీసేస్తుంది. చట్టం సంగతి పక్కన పెడితే, మా కెమెరా కుర్రాడికి ఈత రాదు. చాలా ఐడియాలు అక్కడే కొట్టేస్తాను.

అపోహ: సాయం వీడియోలో తీసుకున్నవాళ్లకు లాభమే, నష్టమేముంది

నేనూ అదే నమ్మాను. ఆత్మకూరు బస్టాండు దగ్గర పొద్దున్నే ఒకామె ఇడ్లీ బండి పెడుతుంది. ఆమె బండి మీదున్నదంతా కొనేసి దారిన పోయేవాళ్లకు ఉచితంగా పంచుదామని వెళ్లాం. ఆరున్నరకు డబ్బిచ్చాం. ఆమె నవ్వింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. వీడియో ముందు కనిపించే బొమ్మ, థంబ్‌నెయిల్, అక్కడే దొరికింది. జనం గుంపు కట్టారు, ఏడున్నరకల్లా ఇడ్లీ రేకులు ఖాళీ. వీడియో బాగా ఆడింది.

వారం తర్వాత వీడియో చూపిద్దామని వెళ్తే ఆమె చట్నీ కలుపుతూ తల ఎత్తకుండా అంది: "మొత్తం కొన్నావు, సంతోషమే అబ్బయ్యా. రోజూ తినేవాళ్లు ఆ పొద్దు వచ్చి, గుంపు చూసి, పక్క బండికి పొయినారు. ఆడ పప్పుల చట్నీ బాగుందంట." ఆమె దగ్గర ఖాతా పెట్టి తినే హమాలీలు, బస్సు దిగి వచ్చే కండక్టర్లు. ఒక్క రోజు బేరం నేను కొన్నాను, నాలుగు రోజుల బేరం చెడగొట్టాను. అప్పుడు అడిగాను, మీకేం కావాలి అని. మొదటి రోజే అడగాల్సిన మాట. గ్రైండర్ మోటారు కాలిపోయింది, పక్కవీధిలో డబ్బిచ్చి పిండి రుబ్బించుకుంటోంది. మోటారు మార్పించాం. ఆ వీడియోకు మొదటిదానిలో పదో వంతు వ్యూస్ కూడా రాలేదు. రిపేరు షాపులో మనిషి స్క్రూలు విప్పుతుంటే ఎవరు చూస్తారు?

2023 జనవరిలో మిస్టర్ బీస్ట్ వెయ్యి మందికి శుక్లాల ఆపరేషన్ చేయించిన వీడియో మీద పెద్ద గొడవ జరిగింది. కెమెరా కోసం చేశాడని కొందరు, చూపు వచ్చిందా లేదా అదే ముఖ్యమని కొందరు. నేనైతే రెండో పక్షమే. కాకపోతే మన దగ్గర లెక్క వేరు. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976 నుంచీ ఉంది, ఆపరేషన్ ఉచితంగానే దొరుకుతుంది. అల్లూరు వైపు పల్లెల్లో అడిగితే తెలిసింది, ముసలివాళ్లు ఆగిపోయేది డబ్బుకు కాదు, తోడుకు. కొడుకు పని మానుకుని రావాలి, ఆ తర్వాత వారాల తరబడి ఎవరైనా చుక్కలు వేయాలి. మేం తొమ్మిది మందికి ఆటోలు పెట్టి, పక్కన ఒక మనిషిని పంపాం.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నా. సాయం ముందు, వీడియోకు ఒప్పుకుంటారా అని అడగటం తర్వాత. ముందే అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆ తొమ్మిది మందిలో నలుగురు వద్దన్నారు. వీడియోలో ఐదుగురే ఉన్నారు.

అపోహ: గెలిచినోడికి చెప్పిన డబ్బంతా చేతికొస్తుంది

రాదు. పోటీలో గెలిచిన నగదు 10 వేలు దాటితే 30 శాతం పన్ను ముందే పట్టుకోవాలి. లక్ష అని ప్రకటించి 70 వేలు ఇస్తే "మిగతాది తినేశాడు" అని కామెంట్లు పడతాయి. మాకూ అంతే. ఒక కంపెనీ ఏడాదిలో 20 వేలకు మించిన వస్తువులు ప్రచారానికి ఇచ్చి మన దగ్గరే ఉంచుకోమంటే, దాని మీద 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, ఉంటుంది. మొదటిసారి మా ఆడిటర్ ఈ మాట చెప్పినప్పుడు ఫ్రిజ్ వెనక్కిచ్చేద్దామా అనుకున్నా.

అపోహ: మెసేజ్ వచ్చిందంటే గెలిచినట్టే

2023 అక్టోబర్‌లో మిస్టర్ బీస్ట్ ముఖం, గొంతు ఏఐతో తయారుచేసి, రెండు డాలర్లకే ఐఫోన్ అంటూ టిక్‌టాక్‌లో ప్రకటన నడిపారు. అంత దూరం ఎందుకు, నా పేరుతోనే టెలిగ్రామ్‌లో నకిలీ ఖాతాలు మూడు చూశాను. నేను ఎవరి దగ్గరా రిజిస్ట్రేషన్ ఫీజు, కొరియర్ ఛార్జీ, జీఎస్టీ అని ముందు డబ్బు అడగను. అడిగితే అది నేను కాదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

పోయిన నెల కొత్తపట్నం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. యాభై వేలు గెలిచావని వాయిస్ మెసేజ్ వస్తే, పద్నాలుగు వందలు కట్టాడు. డబ్బు ఎప్పుడొస్తుందని నన్ను అడుగుతున్నాడు. అది మోసమని, ముందు 1930కి చేయమని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"మరి ఆ గొంతు నీదే కద నాయనా?" అన్నాడు.

విన్నాను. నాదే. ఫోన్ పెట్టేయించి, ఆయన మనవడి నంబరు తీసుకుని, ఇద్దరం కలిసి ఫిర్యాదు నమోదు చేయించేసరికి మధ్యాహ్నం దాటింది.