డీయూఐ కేసు, అసెస్‌మెంట్, ప్రొబేషన్: మనవాళ్లలో తిరిగే అపోహలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటెల్, కిర్క్‌లాండ్, రెంటన్, కెంట్ లాంటి సిటీ కోర్టుల నుంచి, ఎక్కువగా డీయూఐ (మత్తులో బండి నడపడం) కేసుల్లో, వచ్చేవాళ్లకు మద్యం, డ్రగ్స్ అసెస్‌మెంట్లు, అంటే వాడకం ఎంతవరకు ఉందో అంచనా, చేయడం నా పని. తెలుగువాళ్లు నా దగ్గరికి వచ్చేసరికే వాట్సాప్‌లో సగం సలహాలు అందేసి ఉంటాయి. తరచూ వినేవి ఇవి.

అపోహ: మునిసిపల్ కోర్టే కదా, ఫైన్ కట్టేస్తే అయిపోతుంది.

వాస్తవం: వాషింగ్టన్‌లో మొదటి డీయూఐ కూడా క్రిమినల్ కేసే. 364 రోజుల వరకు జైలు, 5,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. జైలు రోజుల్లో చాలావరకు సస్పెండ్ చేసి, 5 ఏళ్ల వరకు షరతులు పెడతారు, అదే ప్రొబేషన్. షరతు తప్పితే ఆ రోజులు మళ్లీ మీ మీదికి రావచ్చు.

అపోహ: అసెస్‌మెంట్‌లో "పార్టీల్లో రెండు పెగ్గులు, అంతే" అంటే చాలు.

వాస్తవం: మీరు నా ముందు కూర్చునేసరికి పోలీసు రిపోర్టు, బ్రెత్ టెస్ట్ అంకె, డ్రైవింగ్ రికార్డు నా దగ్గర ఉంటాయి. రెండు పెగ్గులంటూ బ్రెత్ టెస్ట్‌లో 0.16 లాంటి పెద్ద అంకె వస్తే ఆ తేడా రిపోర్టులో రాయక తప్పదు.

అలాగని అందరూ అబద్ధమే చెప్తారని కాదు, లెక్కలోనే తేడా ఉంది. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. మన 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గు దాదాపు ఒకటిన్నర డ్రింకులు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటే మూడు డ్రింకులకు దగ్గర. అందుకే నేను ఎన్ని అని అడిగి ఆగను, సీసా సైజు కూడా అడుగుతాను.

నిజం చెప్తే రిహాబ్‌లో పడేస్తారన్న టెన్షన్ కూడా అనవసరం. మానసిక సమస్యల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో మద్యం, డ్రగ్స్ సమస్యకు 11 లక్షణాలుంటాయి. రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదు మధ్యస్థం, ఆరు లేదా అంతకు మించితే తీవ్రం. ఏ సమస్యా లేదని తేలితే సాధారణంగా 8 గంటల క్లాసుతో సరిపోతుంది. మీ రాతపూర్వక అనుమతి లేకుండా రిపోర్టు కోర్టుకు పంపం. ఆ సంతకానికి ముందు మీ లాయర్‌తో మాట్లాడండి.

అపోహ: నేను మందు ముట్టుకోలేదు, ప్రొబేషన్ టెస్టులో ఏం వస్తుంది?

వాస్తవం: అమ్మ పంపిన దశమూలారిష్టం రావచ్చు! అరిష్టాల్లో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది. ఈటీజీ మూత్ర పరీక్ష మూడు రోజుల కిందటి మద్యం జాడ కూడా పట్టగలదు. ఇంకొకటి గసగసాలు. మటన్ కూరలో దండిగా నూరి వేస్తే మార్ఫిన్ పాజిటివ్ రావడానికి అవకాశం ఉంది. ప్రొబేషన్ ఉన్నన్నాళ్లు రెండూ మానేయండి. మందులేవైనా వాడుతుంటే టెస్టుకు ముందే చెప్పండి. పాజిటివ్ వచ్చాక చెప్తే సాకులా వినిపిస్తుంది. టెస్టుకు వెళ్లకపోయినా చాలా కోర్టుల్లో ఫెయిల్ కిందే లెక్క.

అపోహ: మెంటల్ హెల్త్ కోర్టుకు వెళ్తే పిచ్చి ముద్ర పడుతుంది.

వాస్తవం: మానసిక సమస్య ఉన్న నిందితులను చికిత్స దారిలో నడిపించే ఇలాంటి కోర్టు 1997లో ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో మొదలైంది. 1999కల్లా సియాటెల్‌కూ వచ్చింది. ఇందులో చేరడం మీ ఇష్టం, బలవంతం లేదు. విచారణను అర్థం చేసుకునే స్థితిలో నిందితుడు ఉన్నాడా అని చూసే పరీక్ష వేరు, ఇది వేరు. ఇక్కడ చికిత్స, కేస్ మేనేజర్, జడ్జి ముందు తరచూ హాజరు ఉంటాయి. పెళ్లి సంబంధాలు చెడతాయని బైపోలార్ (ఒక మానసిక జబ్బు) సంగతి డిఫెన్స్ లాయర్‌కు కూడా చెప్పని కుటుంబాలున్నాయి. అలా దాచడంతో ఆ దారే మూసుకుపోతుంది. ఇండియా డాక్టర్ చీటీలుంటే తీసుకురండి.

అపోహ: కేసు కొట్టేస్తే వీసాకు ఢోకా లేదు.

వాస్తవం: నాకు బాగా భయం వేసేది ఈ నమ్మకంతోనే. గత ఐదేళ్లలో డీయూఐ అరెస్టు ఉంటే చాలు, శిక్ష పడకపోయినా అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు. 2015 నుంచి ఈ విధానం ఉంది. మళ్లీ వీసా స్టాంపింగ్‌కు వెళ్తే ప్యానెల్ డాక్టర్ (కాన్సులేట్ గుర్తించిన డాక్టర్) పరీక్షకు పంపుతారు. డిఫర్డ్ ప్రాసిక్యూషన్‌లో (చికిత్స, షరతులు పూర్తి చేస్తే కేసు కొట్టేసే ఒప్పందం) చివరికి కేసు కొట్టేసినా, వాస్తవాలు ఒప్పుకున్నందుకు ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్షగానే లెక్కించవచ్చు. అందుకే క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా ఆ ఒప్పందం మీద సంతకానికి ముందే కలవండి.

నాన్నకు సీరియస్ అని ఫోనొస్తే వెంటనే టికెట్ కొనేయకండి. ముందు కోర్టు అనుమతి కావాలి. ఆ అనుమతి వెళ్లడానికే, తిరిగి రావడం కాన్సులేట్ చేతిలో ఉంటుంది.